రికార్డులో సున్నా

ప్రాక్టికల్ క్లాసు మధ్యలో గుమ్మంలోంచి ఓ చెరకుగడల మోపు లోపలికొచ్చింది. దాని కింద ఓ ముసలాయన ఉన్నాడు.

"దేవేంద్ర బాబంటే తవరేనా?"

"నేనే. ఏం కావాలి?"

"నాకేటీ వద్దు బాబూ. మాది మాకవరపాలెం పక్కూరు. పేరు పరదేశి. ఈ గెడలు తవరికనే తెచ్చేను."

దేవేంద్రకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. రెండింటికీ ఓపిక లేదు.

రికార్డులకి మార్కులు వేసే రోజులొస్తే చాలు, అనకాపల్లి చుట్టుపక్కల తాతలందరికీ మనవలు గుర్తొస్తారు. ఒకాయన బెల్లం దిమ్మ తెస్తాడు, ఒకావిడ పనసకాయ మోసుకొస్తుంది. 'మావోడు కాస్త మొద్దండి' అని మొదలెడతారు.

దేవేంద్ర రీసెర్చి స్కాలరు. స్కాలరన్న మాటేగానీ చొక్కాకి కాలరు లేచిపోయి ఆర్నెల్లయింది. ఫెలోషిప్పు డబ్బు ఆగి ఎనిమిది నెలలైంది. షిప్పు మునిగింది, ఫెలో మిగిలాడు.

"టీచింగ్ డ్యూటీ చెయ్యకపోతే రావాల్సింది కూడా రాదయ్యా" అని విశాఖలో ఉన్న గైడుగారు ఇతన్ని అనకాపల్లి కాలేజీకి తోలేశారు. వారానికి ఎనిమిది గంటలన్నారు. లెక్చరర్లు లేక అది ఇరవై నాలుగైంది. టీచింగులో అక్షరాలు కాస్త అటూ ఇటూ అయితే చీటింగేనని దేవేంద్రకి అప్పుడు తెలిసింది.

ఇక పరిశోధనకి మిగిలింది ఆదివారం. ఎర్రకుళ్ళు తెగులుకి లొంగని చెరకు పట్టుకోవాలి. అయిదేళ్ళలో నలభై రకాలు చూశాడు. నలభయ్యీ కుళ్ళాయి.

"మార్చి ఆఖరికి ఒక్క రకం నిలబడితే పొడిగింపు కాగితం మీద సంతకం పెడతా. లేదంటే ఇంటికెళ్ళిపో" అన్నారు గైడుగారు.

ఇల్లంటే కొండమీద చోళ్ళు పండే రెండు చెక్కల నేల. 'మా దేవేంద్ర డాక్టరవుతాడు' అని అమ్మ అక్కడ అందరికీ చెప్పేసింది. జ్వరాలొచ్చినవాళ్ళు అప్పట్నుంచీ ఎదురుచూస్తున్నారు.

"అక్కడ పెట్టు తాతా. నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు దేవేంద్ర.

"ఓ పాలి సూడు బాబూ. ఇది అందరి గెడలాటిది కాదు."

"ప్రతి తాతా మనవడి గురించి అదే మాటంటాడు. చూస్తాలే, వెళ్ళు."

ఆ రోజు క్లాసుకి గడలు తక్కువ పడ్డాయి. పరదేశి తెచ్చిన మోపు విప్పి దేవేంద్ర పిల్లలకి పంచేశాడు. గడకి బెజ్జం పెట్టి, సీసాలోంచి తెగులు ద్రావణం ఓ చుక్క వెయ్యాలి. రెండు వారాలాగి చీలిస్తే లోపల ఎర్రగా కనపడాలి. ఆ ఎరుపు బొమ్మ గీస్తే పది మార్కులు.

అదే సీసాతో దేవేంద్ర తన సొంత గడలకీ తెగులెక్కించుకున్నాడు.

రెండు వారాలకి పరదేశి మళ్ళీ వచ్చాడు. దగ్గుకుంటూ గుమ్మం పక్కనే నిలబడ్డాడు.

పిల్లలు గడలు చీల్చారు.

"సార్, తెల్లగా ఉందండి!"

"మాదీ తెల్లగానే సార్!"

పద్దెనిమిది గడలు. పద్దెనిమిదీ కొబ్బరిముక్కల్లా ఉన్నాయి.

ముసలాయన మొహం వెలిగిపోయింది. "కుళ్ళనేదు గదా బాబూ!"

దేవేంద్రకి ఒళ్ళు మండింది. "కుళ్ళితేనే కదా మార్కులు! ఫస్టియర్ వెధవలకి ఓ బెజ్జం పెట్టడం చేతకాలేదు. తెల్లగా గీసిన ప్రతి రికార్డుకీ సున్నాయే. అందులో నీ మనవడున్నా సరే."

"మరి ఈ గెడ..."

"దండగ తాతా. ఇంకెప్పుడూ తేకు."

పరదేశి భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"సదువుకున్నోలు. తవరు సెప్పిందే నిజం" అని, గుమ్మం బయట విడిచిన చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

దేవేంద్ర ఎర్రసిరాతో పద్దెనిమిది సున్నాలు చుట్టాడు. ఆ తర్వాత పరీక్షల డ్యూటీ మీద పడింది. తన గడలు చీల్చుకునే తీరికే దొరకలేదు.

రెండువేల ఆరు, మార్చి ముప్ఫై ఒకటిన ఫెలోషిప్పు రద్దు కాగితం వచ్చింది.

ల్యాబు గది ఖాళీ చేస్తూ తన గడలు చీల్చాడు. అన్నీ రక్తంలా ఎర్రగా ఉన్నాయి.

అంటే సీసాలో తెగులు బతికే ఉంది.

మరి పిల్లల గడలు?

పిల్లలు చీల్చకుండా వదిలేసిన పరదేశి గడ ఒకటి సింకు కింద పడి ఉంది. బెజ్జం సరిగ్గానే ఉంది. దాని చుట్టూ ద్రావణం మరక కూడా ఉంది. చీల్చాడు.

తెల్లగా ఉంది.

కణుపు కణుపూ తడిమాడు. గడ కట్టెలా ఎండిపోయింది. మొలకెత్తే కన్ను ఒక్కటీ బతికిలేదు.

ఎస్టీడీ బూతుకి పరిగెత్తి గైడుగారి కాళ్ళా వేళ్ళా పడ్డాడు.

"ఒక్క పచ్చి గడ తెచ్చి చూపించు. కాగితం వెనక్కి తీయిస్తా" అన్నారాయన.

మాకవరపాలెం బస్సు దిగి, ఊరూరా వాకబు చేసుకుంటూ పొలం చేరేసరికి, పరదేశి కోడలు కాసులమ్మ సరుగుడు మొక్కలకి నీళ్ళు పోస్తోంది.

"పరదేశి తాత లేడా అమ్మా?"

"మావయ్య పోయి పన్నెండు రోజులైంది బాబూ. ఆ దగ్గే తీసుకుపోయింది."

"ఆయన చెరకు?"

"ఇదే మడి. పీకీసేం. కాలేజీలో సెరుకు తెగుళ్ళు సూసే బాబు దండగన్నాడంట. 'నాను పోయేక ఊళ్ళోవోలు దీన్ని నమ్ముకుని సెడిపోతారు, తవ్వి కాల్చీండి' అన్నాడు. మంచం ఏయించుకుని దగ్గిరుండి కాల్పించేడు."

"ఒక్క దుబ్బు కూడా..."

"ఏరు కూడా నేదు బాబూ."

దేవేంద్ర గట్టుమీద కూలబడ్డాడు.

"ఆయన మనవడు మా కాలేజీలో ఏ బ్యాచమ్మా?"

కాసులమ్మ బిందె దించి వింతగా చూసింది.

"మనవలెక్కడ బాబూ, మాకు పిల్లలే నేరు... ఇరవై రెండేళ్ళ బట్టీ మావయ్య ఏటా కుళ్ళిన గెడ రసం మంచి గెడలకెక్కించి, సచ్చినవి కాల్చీసి, బతికినదాన్నే మళ్ళీ పాతుకుంటా వచ్చేడు."