దిగేముందు ఒక చుట్టు

"మళ్ళీ పైకి లేపారేం, పాక్ యోపీ?"

వెనక సీట్లోంచి లారస్ గొంతు ఖంగుమంది. అప్పటికే యోపీ లుమెంతుత్ ఇంజన్ల జోరు పెంచే థ్రాటిళ్ళు ముందుకు తోసేశాడు. పపువాలోని సెంతాని రన్‌వే విమానం ముక్కు కిందనుంచి జారిపోయింది. నిజం సెంతాని కాదది. జకార్తా శివార్లలో, ఇనుప కాళ్ళ మీద ఊగే సిమ్యులేటర్ గదిలో, అద్దాల అవతల కనిపించే బొమ్మ. అయితేనేం, సరస్సు అదే, కొండా అదే. ముప్పై ఏళ్ళు పపువాలో విమానం నడిపిన చేతులకు ఆ తేడా తెలిసి చావలేదు.

"గాలి లేదు, వాన లేదు. టవర్ దిగమంది. తీరా చక్రాలు నేలను తాకబోతుంటే లేపేశారు. కారణం చెప్పండి," అంది లారస్. పరీక్ష పెట్టేది ఆవిడే. వయసులో యోపీ కూతురంత ఉంటుంది, అందుకే ఆయన్ని 'పాక్', అంటే పెద్దాయనా, అని పిలుస్తుంది.

యోపీ అద్దంలోంచి కిందికి తొంగిచూశాడు. "ఒకసారి చూసుకుందామనీ..."

"ఏం చూసుకుందామని?"

"పందుల్ని, అమ్మా."

పక్క సీట్లో కోపైలట్ డెమీ కిసుక్కుమన్నాడు. అతను పపువా కొండల్లోనే పుట్టినవాడు.

"మా వైపు అంతే, ఇబు లారస్! ముందు రన్‌వే మీదుగా కిందగా ఒకసారి పోవాలి. ఆ మోతకి పందులు లేస్తాయి, పిల్లకాయలు పరిగెడతారు, ఆడవాళ్ళు చిలగడదుంపల సంచులు ఎత్తుకుంటారు. అప్పుడు చుట్టు తిరిగొచ్చి దిగాలి. పంది చచ్చిందా, ఎవడిదో పెళ్ళి ఆగిపోయినట్టే. పందులివ్వందే పిల్లనెవరిస్తారు?"

"నిజమేనమ్మా. ఒకసారి ఓ పెళ్ళికొడుకు నా విమానం ముందు కూలబడి భోరుమన్నాడు," అన్నాడు యోపీ.

లారస్ పెదవి చివర నవ్వు మెదిలి ఆగిపోయింది. "ఇది మీ ఒంటి ఇంజను బుల్లి విమానం కాదు పాక్. డెబ్బై మంది ఎక్కే టర్బోప్రాప్. దిగేచోట కంచె ఉంటుంది. కారణం ఉంటే లేపండి, కాదనను. ఊరికే లేపితే తప్పు. ఇప్పటికి రెండుసార్లయింది. మూడోసారీ లేపితే ఇక నా చేతిలో ఏమీ ఉండదు."

యోపీ తలూపాడు. కంపెనీ బుల్లి విమానాలన్నీ అమ్మేసింది. ఈ పెద్దది నడపడం వచ్చిందా, ఇంకొన్నేళ్ళు ఆకాశం. రాలేదా, రేపటినుంచి మూటలు తూచే కౌంటర్ దగ్గర కుర్చీ. విమానం కింద నిలబడి పైకి చూసే బతుకు.

కాఫీ తాగడానికి బయటికొచ్చారు. లారస్ కప్పు అందిస్తూ అడిగింది. "అంత ఇష్టమా మీకు ఆ ఊళ్ళంటే?"

"వెలారిక్ అని ఒక ఊరుందమ్మా. చుట్టు తిరిగొచ్చేసరికి ఊరు ఊరంతా రన్‌వే అంచున నిలబడేది. ఇంజను ఆపి తలుపు తీయడం ఆలస్యం, ఎవరో ఒకరు నిప్పుల్లోంచి తీసిన చిలగడదుంప నా చేతిలో పెట్టేవారు. చెయ్యి చుర్రుమనేది. ఊదుకుంటూ అక్కడే తినేవాణ్ణి. ఆ రుచి మీ జకార్తాలో ఏ హోటల్లోనూ దొరకలేదు."

"ఇప్పుడు వెళ్ళరా?"

"రోడ్డు పడింది. ఇక విమానమెందుకు? రన్‌వే నిండా గడ్డి మొలిచిందట. పందులు హాయిగా మేస్తున్నాయట, తోలేవాడు లేక!" యోపీ గట్టిగా నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆపి కాఫీ గుటకేశాడు.

లారస్ కప్పు కింద పెట్టి, "పదండి పాక్. ఈసారి జాగ్రత్త," అంటూ ముందుగా లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ సరస్సు. మళ్ళీ కొండ. డెమీ మీటర్ల మీంచి కళ్ళు తిప్పకుండా ఎత్తు చదువుతున్నాడు. "రెండొందలు... వంద..." రన్‌వే తిన్నగా పరుచుకుని ఎదురొస్తోంది.

సరిగ్గా అప్పుడే కనిపించింది. రన్‌వే నడిమధ్య, నల్లగా, పొట్ట నేలకానించుకుని.

యోపీ కుడిచెయ్యి దానంతటది థ్రాటిళ్ళ మీద బిగుసుకుంది. రెప్ప వేసి చూశాడు. అక్కడే ఉంది. అచ్చం వెలారిక్ పందే. ఇన్నేళ్ళు కళ్ళలో పెట్టుకుని తిరిగింది ఒక్క రెప్ప వేస్తే పోతుందా? 'పందులూ లేవు, గిందులూ లేవురా ముసలోడా. అదంతా నీ బుర్రలోనే. లేపావో, మూటలు తూచుకో,' అని తనను తానే తిట్టుకున్నాడు.

పళ్ళు బిగించి థ్రాటిళ్ళు వెనక్కి లాగాడు. చక్రాలు నేలను తాకాయి. ఆ నల్లటి ఆకారం ముక్కు కిందికి జారి మాయమైంది. ఏదీ తగల్లేదు, ఏ చప్పుడూ రాలేదు. ఎన్నాళ్ళుగానో పట్టుకున్న చెయ్యి వదిలేసినట్టనిపించింది ఆయనకు. దుఃఖం పొంగుకొచ్చింది.

విమానం ఆగింది. యోపీ కళ్ళు తుడుచుకుని, గర్వంగా వెనక్కి తిరిగాడు.

"చూశావా అమ్మా, లేపలేదు! బుర్రలోంచి పందులన్నిటినీ తోలేశాను."

లారస్ రెండు చేతులతో తల పట్టుకుంది.

"అయ్యో పాక్! దేన్నైనా అడ్డం పెట్టి, మీరు పైకి లేపుతారా లేదా అని చూడటం ఒక్కటే పరీక్షలో మిగిలింది. మీకైతే నల్లేరు మీద బండి నడకే కదా అని, ఆ పందిని బొమ్మలో పెట్టింది నేనే!"