రెండు కిలోమీటర్ల బండి

“ఇది మూడోసారమ్మా. ఇక కడిగితే లాభం లేదు, మార్చాల్సిందే” అన్నాడు చెవి మేస్త్రీ, ఇంజిన్‌లోంచి ఊడదీసిన వాల్వును బల్ల మీద పెడుతూ.

చప్పుడు విని బండి జబ్బేమిటో చెప్పేస్తాడని ఆయనకా పేరు. ముప్ఫై ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్నాడు. చేతికెంత పనుందో నోటికీ అంత పనుంటుంది.

బండి తెచ్చినామె వంగి చూసింది. పిడికిలంత ఇనప ముక్క. లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాల్సిన రేకు మసి పేరుకుని బిగుసుకుపోయింది.

“వాడిన పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపి, బయటికొచ్చే విషాన్ని తగ్గించేది ఇదే. నాలుగు నెలల కింద కడిగాను. రెండు నెలల కింద కడిగాను. ఇప్పుడు రేకు కదలనంటోంది. అందుకే సిగ్నల్ దగ్గర బండి వణుకుతోంది, వేగం పెంచితే నల్లపొగ కక్కుతోంది.”

“ఈసారికి కూడా కడిగేయండి బాబాయ్. మూడున్నరకల్లా బండి కావాలి.”

“ఏముంది మూడున్నరకి?”

“పాప బడి వదిలేస్తారు.”

మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నాడు. “బడి ఎంత దూరం?”

“రెండు కిలోమీటర్లు.”

“ఇంకెక్కడికీ తీయరా?”

“లేదు.”

“వెళ్ళాక ఇంజిన్ ఆపుతారా?”

ఆమె తప్పు చేసి దొరికినట్టు తల దించుకుంది. “ఏసీ ఉండాలి కదా, ఎండలోంచి వస్తుంది. గంట ముందే వెళ్ళి గేటుకెదురుగా పెట్టుకుంటాను.”

“గంటా! అదీ సంగతి. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకుండానే ఆపేసి, లేదంటే నిలబెట్టి గంటలకొద్దీ ఆడిస్తే మసి పట్టక ఏం చేస్తుంది? అంత ముందెందుకు వెళ్ళడం?”

“ఒకరోజు పది నిమిషాలు ఆలస్యమైంది. అప్పట్నుంచి ముందే వెళ్తున్నాను.”

“పది నిమిషాలకి కొంపలేం మునిగిపోతాయమ్మా? గేటు దగ్గర ఆడుకుంటూ ఉంటుంది.”

ఆమె వాల్వు మీది మసిని వేలితో గీరసాగింది.

“ఎన్నో తరగతి?”

“నాలుగు.”

“నాలుగో తరగతి పిల్లకి కారెందుకు? బడి బస్సెక్కించండి. మా మనవరాలు రెండు నుంచీ బస్సే.” మేస్త్రీ వెనక సీటు వైపు చూసి నవ్వాడు. “అయినా పిల్లలెక్కే బండిలా లేదే ఇది! మా పిల్ల ఒక్కసారి ఎక్కితే వారం రోజులు బిస్కెట్ పొడి దులుపుకోవాలి.”

“మా పాప అలా పారబొయ్యదు.” ఆమె ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు కనబడింది. “పెన్సిల్ చెక్కినా పొట్టు జేబులోనే వేసుకుంటుంది.”

అంతలోనే గోడ మీది గడియారం చూసి లేచి నిలబడింది. రెండున్నర. “ఎలా ఉన్నా ఫర్వాలేదు, బిగించేయండి బాబాయ్. రేపు తీసుకొస్తాను.”

“ఇలాగే బిగిస్తే దారిలో ఆగిపోతుంది. ఆటోలో వెళ్ళి తెచ్చుకోండి. ఒక్కరోజు ఆటో ఎక్కితే అరిగిపోతుందా మీ అమ్మాయి?”

“మా బండి కనబడకపోతే రోడ్డు దాటి వెతుక్కుంటుంది.”

“మరీ అంత గారాబం మంచిది కాదమ్మా…” అని ఆయన అంటూనే ఉన్నాడు, ఆమె షెడ్డు దాటి రోడ్డు మీదికి పరుగెత్తింది. వస్తున్న ఆటోకి రెండు చేతులూ ఎత్తి అడ్డం నిలబడటం షెడ్డులోంచి కనబడింది.

మేస్త్రీకి చిరాకేసింది. వెంటనే జాలీ వేసింది. చెప్పాల్సింది చెప్పానన్న తృప్తి కూడా లేకపోలేదు. మారుద్దామా వద్దా అని అడగడానికి ఆమె భర్తకి ఫోన్ చేసి, వీలైతే ఒకసారి రమ్మన్నాడు.

అయిదున్నరకి అతను భుజానికి ఆఫీసు సంచితో వచ్చాడు. నలభై దాటని మనిషి, తలంతా నెరిసిపోయింది.

“వేయమంటే కొత్తది వేస్తాను బాబూ. కానీ ఇదే తిరుగుడైతే ఏడాది తిరక్కుండా అదీ ఇంతే. ముందు మీ ఆవిడకి నచ్చజెప్పండి, పాపని బస్సెక్కించమనండి. నాలుగో తరగతి పిల్లని ఇంకా…”

అతను చటుక్కున తలెత్తాడు. “నాలుగని చెప్పిందా?”

“అవును. కాదా?”

అతను కాసేపు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నిలబడ్డాడు. “అవును. నాలుగే” అన్నాడు మెల్లగా. వాల్వును చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళకి మసి అంటుకున్నా పట్టించుకోలేదు. “కొత్తది వేసేయండి.”

“అదీ మూసుకుపోతుందంటున్నానుగా!”

“మూసుకుపోతే మళ్ళీ మార్చండి. ఎన్నిసార్లయితే అన్నిసార్లు. రేపు మధ్యాహ్నానికి మాత్రం బండి రోడ్డు మీద ఉండాలి.”

మేస్త్రీకి ఒళ్ళు మండింది. “మీరూ ఇలాగే అంటే ఎలా? ఆవిడకేదో భయం పట్టుకుంది. మీరైనా ధైర్యం చెప్పాలి కదా. పోనీ పాపని ఒకసారి ఇక్కడికి తీసుకురండి, బస్సంటే భయం లేదని నేను చెప్తాను.”

అతను వాల్వును బల్ల మీద జాగ్రత్తగా పెట్టి సంచి సర్దుకున్నాడు. “వస్తాను. ఆవిడ ఇంకా ఆ గేటు దగ్గరే ఉంటుంది, ఇంటికి తీసుకెళ్ళాలి.”

“ఇంకానా? బడి వదిలి రెండు గంటలైందయ్యా! పాపకి ఆకలెయ్యదూ?”

గుమ్మం దాటబోతున్నవాడల్లా ఆగాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“మా పాప పోయి రెండేళ్ళయింది బాబాయ్ గారూ.”