కవరుతో సహా

మొక్కల ఆఫీసరు వంగి, గుంటలోని మొక్కను ఒక్క గుంజు గుంజాడు. నల్ల ప్లాస్టిక్ కవరుతో సహా ఊడి వచ్చింది. కవరు నిండా మట్టి. మట్టిలో ఒక ఎండుపుల్ల.

"చూశావా?" అన్నాడు డ్రైవరుతో. "ఆరేళ్ళుగా మొత్తుకుంటున్నా. కవరు చించి నాటండి, వేళ్ళు పారాలి అని. పసిపిల్లలకు చెప్పినట్టు బొమ్మ గీసి మరీ ఇచ్చా."

ఇంకో రెండు పీకాడు. అవీ అంతే. డ్రైవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

ఊరి చెట్ల సంఘానికి పెద్ద అయిన ముసలాయన తల వంచుకుని నిలబడ్డాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. ఏమన్నా 'అలాగేనండి' అంటాడని డ్రైవరు ఆయనకు 'అలాగే తాత' అని పేరు పెట్టాడు. పక్కనే ఆయన కోడలు. సంఘానికి కార్యదర్శి. ఊళ్ళో సంతకం చేయడం వచ్చింది ఈమె ఒక్కదానికే అయ్యుంటుందని ఆఫీసరు నమ్మకం.

"నేను గీసిచ్చిన బొమ్మ ఏదమ్మా?"

"సంఘం గోడకే ఉందండి. రోజూ చూస్తున్నాం."

"చూసి?"

"బాగుందనుకుంటున్నామండి."

"ఇచ్చిన మొక్కలెన్ని?"

"ఆరువేలండి."

"బతికినవి?"

"పదకొండండి."

"అందులో మూడు పిచ్చిమొక్కలు. వాటంతటవే మొలిచాయి."

"అలాగేనండి," అన్నాడు తాత.

ఎదురుగా కొండ. రోడ్డున పోయేవాళ్ళందరికీ కనిపించే కొండ. గుండు గీసినట్టుంది. అడుగు నుంచి నెత్తి దాకా రాళ్ళూ గుంటలే. ఆఫీసరు కొండను చూశాడు, ఊరిని చూశాడు, పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

ఈసారి ఆయన ఊరికే రాలేదు. చేతిలో ఒక ఫారం ఉంది. దాని చివరి గడిలో 'కొనసాగించవచ్చు' అనో, 'రద్దు' అనో రాయాలి. రద్దు అని రాస్తే జాబితాలోంచి ఊరి పేరు పోతుంది. ఇక మొక్కలు రావు, పాఠాలు రావు, జీపు రాదు. పొద్దుటి నుంచి తాత కళ్ళు ఆ కాగితం మీదే ఉన్నాయి.

సంఘం గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టారు. కోడలు చల్లటి నీళ్ళలో తేనె కలిపి ఇచ్చింది. ఆఫీసరు రెండు గ్లాసులు తాగాడు. బాగుందని కూడా అనలేదు. మూతి తుడుచుకుని అందుకున్నాడు.

"పొరుగూరిని చూసి బుద్ధి తెచ్చుకోండి. మూడేళ్ళలో వాళ్ళ కొండ పచ్చబడింది. పచ్చబడగానే మా శాఖ తీసేసుకుంది. ముళ్ళకంచె వేశాం, గేటు పెట్టాం, తాళం వేశాం. ఎవడన్నా కాలు పెట్టమనండి చూద్దాం. ఎండుపుల్లలు ఏరిందని ఒక ముసలమ్మ మీద కేసు కూడా పెట్టాం. అడవిని కాపాడటమంటే అదీ."

"ఆ ముసలమ్మ మా అక్కేనండి," అన్నాడు తాత.

"అయితే ఆవిణ్ణే అడుగు, కంచె ఎంత గట్టిదో."

కిటికీలోంచి గాలి వీచింది. డ్రైవరు చొక్కా గుండీ విప్పుకున్నాడు.

"సార్, కొండ మీద నుంచి గాలి భలే చల్లగా వస్తోంది. ఒకసారి ఎక్కి అటుపక్క కూడా చూద్దామా?"

తాత చేతిలో గ్లాసు ఆగిపోయింది. కోడలు ఆయన వైపు చూడలేదు.

"అంతా మొనదేలిన రాళ్ళండి," అంది. "బూట్లు పాడైపోతాయి."

ఆఫీసరు బూట్లు చూసుకున్నాడు. పొద్దునే మెరిపించినవి.

"ఇటుపక్క ఏడ్చింది చాలదా?" అని డ్రైవరును కసిరాడు. "ఈ మొహాలు అటుపక్క స్వర్గం దించాయా, ఎక్కి చూడ్డానికి?"

తాత గ్లాసు కింద పెట్టాడు.

ఆఫీసరు కలం తీశాడు.

"ఏం రాస్తున్నారు బాబూ?"

"మీ తలరాత."

"రద్దు అని రాస్తే ఇక ఎవరూ రారాండీ?"

"కుక్క కూడా రాదు."

"మీ పైవాళ్ళు?"

"నా సంతకం చూశాక ఎవడొస్తాడు? 'ఈ ఊరివాళ్ళకు చెట్టు పెంచే తెలివి లేదు, ఈ కొండ దేనికీ పనికిరాదు' అని రాస్తున్నా. చాలా?"

"అలాగేనండి." తాత కండువాతో మొహం తుడుచుకున్నాడు.

ఆఫీసరుకు కాస్త జాలి కూడా వేసింది. కోడలి చేత సంతకం చేయించుకుని, ఒక నకలు ఆమె చేతిలో పెట్టాడు.

"ఆ బొమ్మ పక్కనే తగిలించుకోండి. సిగ్గన్నా వస్తుంది."

జీపు దుమ్ము రేపుకుంటూ పోయింది. దుమ్ము అణిగేదాకా మామా కోడలూ గుమ్మంలోనే నిలబడ్డారు.

తర్వాత కోడలు కాగితాన్ని భద్రంగా పెట్టెలో దాచి, మామగారి చెయ్యి పట్టుకుని కొండ నెత్తి దాటించింది. ఆరేళ్ళుగా ఊరంతా కలిసి కవర్లు విప్పి, ఆ కవర్లలో ఎండుపుల్లలు గుచ్చి ఇటు పాతేసి, అటు జాగ్రత్తగా నాటుకున్న వేల మొక్కలు చిక్కటి నీడగా కమ్ముకున్న అవతలి వాలులో, తాత అక్క నింపాదిగా ఎండుపుల్లలు ఏరుకుంటోంది.