మాస్టారి దెప్పులు

“కారు నడిపిందెవరు?” సోఫాలో వాలి మళ్లీ అడిగాడు భర్త.

పొద్దున వాళ్ల కారు కరెంటు స్తంభాన్ని గుద్దినప్పుడు అతని తల అద్దానికి తగిలింది. నెత్తురు రాలేదు కదా అని ఇంటికొచ్చేశారు.

“నేనే! ఎన్నిసార్లు దెప్పుతారు? ఊరందరికీ డ్రైవింగ్ నేర్పే మాస్టారి పెళ్లాం స్తంభాన్ని గుద్దింది. చాలా?” ఐసు గుడ్డలో చుడుతూ నీరసంగా అంది భార్య.

దెప్పేటప్పుడు ఎగిరే అతని కనుబొమ్మ ఈసారి ఎగరలేదు.

“నీకు కారొచ్చా?” అతని మొహం వెలిగిపోయింది. “ఎవరు నేర్పారు?”

ఐసు ముక్కలు నేలపాలయ్యాయి. ఆమె గబగబా ఫోను తీసింది.

“అంబులెన్సు పంపండి. మా ఆయన తలకి దెబ్బ తగిలింది. నాకు కారు నేర్పింది ఆయనేనండీ... అది ఆయనకి గుర్తులేదు.”