ఏసీ గదిలో రోగి

"దీక్షకి కూర్చోగానే గురువుగారు ఏమడుగుతారో తెలుసా? కుష్ఠు ఉందా, గడ్డలున్నాయా, తామర ఉందా అని అడుగుతారు. అప్పుడు నేనేం చెప్పాలి? మా అమ్మాయి ఎలుక దయవల్ల ఉందని చెప్పాలా?"

విరోట్ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఇదే పాట.

"అది ఎలుక కాదు నాన్నా, చించిలా," అంది కూతురు బైతోయ్.

"తోకుంది, కోరపళ్ళున్నాయి, ఇప్పుడు తామర కూడా వచ్చింది. ఏ పేరు పెడితే ఏముందిలే."

ఆ ప్రాణి పేరు ఫువక్. అంటే చేమదుంప. రంగూ అదే, ఆకారమూ అదే. ఒళ్ళంతా దూదిలాంటి బొచ్చు. ఎక్కడో చలికొండల్లో ఉండాల్సిన జాతి కాబట్టి నఖోన్ పథోమ్ ఊరి ఉక్కకి తట్టుకోలేదు. అందుకని ఇంటికంతటికీ ఉన్న ఒక్క ఏసీ బైతోయ్ గదిలో దానికోసమే తిరుగుతుంది. పంపరపనస తోటలో చెమటోడ్చి వచ్చిన ఇంటి యజమాని మాత్రం వసారాలో ఫ్యాను కింద చేరగిలబడతాడు. ఆ భోగం చూసి ఇరుగుపొరుగు నవ్వని రోజు లేదు.

వానలు మొదలవగానే ఫువక్ ముక్కు పక్కన బొచ్చు రాలింది. గుండ్రంగా, ఎర్రగా మచ్చ కట్టింది. పశువుల డాక్టరు నీలం దీపం వేసి చూశాడు, నాలుగు వెంట్రుకలు పీకి పరీక్షకి పంపాడు, తామరే, మనుషులకీ అంటుతుంది అని తేల్చాడు.

వచ్చి వచ్చి ఇప్పుడే రావాలా అని అందరూ తల పట్టుకున్నారు. ఆ దేశంలో మగపిల్లాడన్నాక ఒక్కసారైనా బౌద్ధ భిక్షువై కాషాయం కట్టాలి. ఆ కాషాయం అంచు పట్టుకునే తల్లి స్వర్గానికి పోతుంది. లోకమంతా ఇరవయ్యేళ్ళకే ఆ పని కానిచ్చేస్తుంది. విరోట్‌కి మాత్రం ఏదో ఒక అడ్డం. ముందు సైన్యంలో చేరాడు. తర్వాత నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత వరదకి తోట మునిగింది. అలా అరవయ్యో పడి దగ్గరికొచ్చింది. వాళ్ళమ్మ తోంగ్‌బాయ్‌కి తొంభై దాటాయి. మొన్నటి చలికాలం నుంచి ఆవిడ మంచం దిగడం తగ్గింది. ఈ ఏటి వర్షావాసం, అదే భిక్షువులు గుడిలో గడిపే వానాకాలం, దాటిపోతే ఇక అంతేనని అందరికీ తెలుసు, ఎవరూ పైకనరు.

"దీక్ష రోజుకి దానికి నయమవ్వాలి," అంది బైతోయ్ తల్లి రత్రీ. "లేదా, అమ్మినవాడికే తిరిగిచ్చేసి రావాలి. మీ నాయనమ్మ కోరిక కంటే అది ఎక్కువేం కాదుగా."

ఆ చేమదుంపని వదులుకోవడం బైతోయ్ వల్ల కాదు. మర్నాటి నుంచి నడుం బిగించింది. చేతులకి తొడుగులు వేసుకుని రెండు పూటలా మచ్చకి మందు రాసింది. పిచికారీతో నోట్లోకి మందు పోసింది. నీళ్ళ స్నానం పనికిరాదు కాబట్టి అది పొర్లాడే దుమ్ములో మందు పొడి కలిపింది. బోను సలసలా కాగే నీళ్ళతో కడిగింది, చెక్క అరలు తీసి తగలబెట్టింది.

మచ్చ మానింది. వారం తిరక్కుండా పొట్ట మీద ఇంకోటి లేచింది.

"మందు సరిగానే వేస్తున్నావమ్మా," అన్నాడు డాక్టరు. "మీ ఇంట్లో ఎవరికో ఇది అంటుకుంది. వాళ్ళు మళ్ళీ దీనికి అంటిస్తున్నారు. ముందు వాళ్ళని పట్టుకో."

బైతోయ్ తనని తాను అద్దంలో వెతుక్కుంది. అమ్మ చేతులు, మెడ చూసింది. నాయనమ్మ వీపు కూడా చూసింది. అంతా శుభ్రం.

"నన్నూ చూడు, ఎందుకూ సందేహం," అంటూ విరోట్ చొక్కా విప్పి, లుంగీ మోకాళ్ళ పైకి లాగాడు. "నేను దాని గది గడప తొక్కితే ఒట్టు."

దీక్ష రోజు రానే వచ్చింది. గుడి ఆవరణలో విరోట్‌ని గుండుకి పీట మీద కూర్చోబెట్టారు. చక్రాల కుర్చీలో వచ్చిన తోంగ్‌బాయ్ మొదటి జుట్టు పాయ కత్తిరించింది. కళ్ళనిండా నీళ్ళు. తర్వాత పెద్ద గురువుగారు కత్తి అందుకున్నారు. నడినెత్తి దాకా వచ్చి ఆగిపోయారు.

నడినెత్తిన ఎర్రటి తామర, చిన్న గిన్నె బోర్లించినట్టుంది.

"ఆ ఎలుకే," అంది రత్రీ పళ్ళు కొరుకుతూ.

"ముందు నయం చేయించుకో నాయనా," అన్నారు గురువుగారు. "ఈ ఏటికి కుదరదు. వచ్చే ఏడు చూద్దాం."

తోంగ్‌బాయ్ చాలాసేపు కొడుకు సగం గుండు వైపే చూసింది. "పోనీలేరా," అంది చివరికి.

ఇంటికొచ్చాక, ఫువక్‌ని పంపెయ్యక తప్పదని బైతోయ్ ఏడుస్తూ దాని సామాను సర్దడానికి వెళ్ళింది. గది తలుపు తీసి అలాగే నిలబడిపోయింది. విరోట్ గోడకి చేరబడి కూర్చున్నాడు. అతని నెత్తి మీద ఫువక్ హాయిగా నిద్రపోతోంది.

"తలుపెయ్యి, చల్లగాలి పోతుంది," అన్నాడు. "దీన్నెవరూ ఎక్కడికీ పంపరు. మీ అమ్మకి నేను చెప్తాలే."

"కావాలనే అంటించుకున్నావా నాన్నా?" బైతోయ్ అడిగింది. "పాపం నాయనమ్మకి ఉన్నది ఆ ఒక్క కోరికే కదా. ఎందుకిలా చేశావు?"

పక్క గదిలో తోంగ్‌బాయ్ జావలో ఉప్పు తక్కువైందని కోడలి మీద కేకలేస్తోంది. విరోట్ ఆ కేకలు కాసేపు విన్నాడు.

"నన్ను కాషాయంలో చూసేదాకా చావనని నా ఇరవయ్యో ఏట మాటిచ్చిందే మీ నాయనమ్మ, ఆవిడ మాట తప్పగా నేనెప్పుడూ చూళ్ళేదు."