పలకకి రెండో వైపు

కాలిఫోర్నియాలో మా బాదం తోటల ఊరికి మేయర్ని జనం ఎన్నుకోరు. అయిదు వార్డుల నుంచి గెలిచిన అయిదుగురు కౌన్సిల్ సభ్యులం ఏటా డిసెంబరులో మాలో ఒకరిని ఎన్నుకుంటాం. నిరుటి వైస్ మేయర్ ఈ ఏడు మేయరవడం రివాజు.

అంటే ఈసారి ఒఫీలియా బరగాన్. రైలు పట్టాల అవతల, బాదం షెడ్లలో పనిచేసేవాళ్ల వార్డు ఆమెది. ఎన్నిక రోజు ఆ వార్డు జనం పిల్లాపాపలతో కౌన్సిల్ హాలుకొచ్చి కూర్చున్నారు.

"ఆమెకింకా అనుభవం చాలదు" అన్నాను మైకులో. నిజానికి ఆమె, నేను ఒకే రోజు సభ్యులుగా ప్రమాణం చేశాం. ముందే మిగతా సభ్యుల్లో ఇద్దరికి ఫోన్లు చేసి ఉంచుకున్నాను కాబట్టి మూడు ఓట్లతో నేనే గెలిచాను. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

ఆఫీసువాళ్లు రివాజుని నమ్ముకుని, మేయర్ కుర్చీ ముందు ఆమె పేరు చెక్కిన పలక అప్పటికే పెట్టేశారు. దాన్ని ఎక్కడ దాచాలో తెలీక నేను తడబడుతుంటే ఒఫీలియానే లేచొచ్చింది.

"ఏం హార్లన్, అంత చెమటలేంటి? ఆ మార్కరిటివ్వు."

పలక తిప్పి, వెనక పెద్ద అక్షరాలతో నా పేరు రాసింది.

"కొత్తదెందుకు, దండగ! ఇది చాల్లే" అని నవ్వి, నా ముందు నిలబెట్టి వెళ్లింది. ఎంత మంచి మనిషి అనుకున్నాను.

కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. నా పేరు జనం వైపుంది. నా వైపు, కళ్లెత్తితే చాలు, "మేయర్ ఒఫీలియా బరగాన్".

ఏడాది కావస్తోంది. కొత్తది చేయించమని అడగడానికి నాకింకా నోరు రాలేదు.