అరసీసా తేనె

మొదలుపెట్టేనాటికి కిరాణా వ్యాపారి దగ్గరున్న సరుకు ఇంతే. మూసేసిన కొట్టు తాళంచెవి, తేనెటీగల పెంపకం మీద రెండు పుస్తకాలు, పలకరించే దిక్కులేని ఇల్లు.

భార్య పోయాక పొయ్యి వెలిగేది కూడా ఒక్కడి కోసమే. ఈగల పెంపకం నేర్పే కేంద్రంలో పేరు రాయించుకున్నాడు.

"నోటితో జనాన్ని కుట్టింది చాలదా, అన్నయ్యగారూ?" అంది పక్కింటావిడ.

కేంద్రం మాస్టారు ఈయన వయసులో సగం ఉంటాడు. ముక్తసరి మనిషి. కొత్తవాళ్ళకు ఈగల పెట్టె ఇచ్చి, అప్పుడప్పుడు ఇంటికొచ్చి చూసిపోతాడు. ఈగలు నిలవకపోతే పెట్టె పట్టుకుపోతాడు, మళ్ళీ రాడు. వ్యాపారి భయమల్లా అదే.

మొదటిసారి వచ్చినప్పుడు మాస్టారు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పెరటి తలుపు ఎప్పుడూ మొరాయిస్తుంది. దాన్ని కాస్త పైకెత్తి తోసి, తిన్నగా పెట్టె దగ్గరికి నడిచాడు. మూత తీసి చూశాడు. ఈగలు పలచబడ్డాయి.

"రోజూ తెరుస్తున్నారా?"

"సరుకెంతుందో చూసుకోవద్దా, మాస్టారూ?"

"ఇది కొట్టు కాదండీ. పూటపూటా లెక్క అడిగితే ఏ ప్రాణి ఉంటుంది? లేచిపోతుంది."



ఆనాటి నుంచి వ్యాపారి పెట్టె జోలికి పోలేదు. దూరంగా కుర్చీ వేసుకుని, లోపలి రొద వింటూ కూర్చునేవాడు. పుస్తకంలో అర్థంకాని సంగతులు మాస్టారి కోసం దాచిపెట్టుకునేవాడు. అన్నీ ఒకేసారి ఖర్చయిపోకుండా, వచ్చినప్పుడల్లా ఒక్కటే అడిగేవాడు. మాస్టారు దానికి మాత్రం జవాబు చెప్పి, చెప్పులేసుకునేవాడు.

పూలకాలం గడిచేసరికి పెట్టెలో తేనెపట్టు బరువెక్కింది. మాస్టారు ఒక చట్రం పైకి తీశాడు. గదులన్నిటికీ మైనం మూతలు పడ్డాయి.

"నిలిచాయండీ. ఇక నేను రానక్కర్లేదు."

ఈ సంగతి వ్యాపారి లెక్కలో లేదు. తొట్రుపాటులో చట్రం అందుకోబోయి, ఒక ఈగను నొక్కాడు. అది కుట్టింది. ముల్లు పీకబోతుంటే మాస్టారు గబుక్కున ఆ చెయ్యి లాక్కున్నాడు. గోరుతో ముల్లు గీకి తీశాడు.

ఆ ఏడాది గిట్టింది అరసీసా తేనె, ఆపైన, ఈగలు కూడు పెడతాయా అంటూ తను ఇంట్లోంచి వెళ్ళగొట్టిన కొడుకు, పట్టుకున్న చెయ్యి వదలకుండా అన్న "కదపకు, నాన్నా".